హైదరాబాదు నగరమున రెండు దినములు

యాత్ర యనగా మన యిండ్లలో తిరుపతియో, శ్రీశైలమో, చేరువనున్న కోటప్పకొండయో యని యర్థము. దేవుని పేరు లేక ఇంటిల్లిపాదియు గడప దాటుట పల్నాటి పల్లెలలో నేటికిని అరుదు. కావుననే మేము హైదరాబాదునకు బయలుదేరుచున్నామని విన్నప్పుడు ఈపూరులోని మా యిరుగుపొరుగు అమ్మలక్కలు, “ఎవరికి జబ్బు చేసెను?” అని యడిగిరి. పెద్ద వైద్యమునకు దప్ప ఆ నగరమునకు సకుటుంబముగ బోవువారు లేరని వారి తలంపు. చరిత్ర జూచుటకు బోవుచున్నామని చెప్పినచో నవ్వుదురని, “మా ఆడుబిడ్డగారి యింటికి” అని చెప్పి యూరకుంటిమి. అదియును అబద్ధము కాదు. ఆమె చిక్కడపల్లిలో కాపురమున్నది.

అసలు కారణము వేఱు. మా పెద్దమ్మాయి ఇంటరు రెండవ సంవత్సరము చదువుచున్నది. తోడిపిల్ల లందఱును ఇంజనీరింగనియు వైద్యమనియు పరుగులిడుచుండగా, ఈ పిల్ల మాత్రము చరిత్ర చదివెదనని పట్టుబట్టినది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున ఇంటరు పిమ్మట ఐదేండ్లు వరుసగా జదివి ఎం.ఏ. పట్టము పుచ్చుకొను పద్ధతి యున్నదట. మావారు బడిపంతులు. చదువన్న కాదనలేరు, అన్నేండ్లు అంత దూరమన్న ఔననను లేరు. మా అత్తగారు మాత్రము నిస్సందేహముగ కాదనిరి. “చచ్చిపోయిన రాజుల సంగతి చదవడానికి బతికున్న పిల్లను అంత దూరం పంపాలా?” అని వారి ప్రశ్న. దానికి మాలో నెవ్వరికిని తగిన జవాబు దొరకలేదు. తుదకు మావారు, “ఆ యూరును, ఆ చరిత్రను అందఱము గలిసి ఒకమాఱు చూచివత్తము. పిదప మాటాడుకొందము” అని తేల్చిరి. శని యాది వారములు నిశ్చయమైనవి. పులిహోర, జంతికలు, అత్తగారి మాత్రలు, చిన్నవానికి ఉన్ని చొక్కా సర్దుకొని శుక్రవారము మధ్యాహ్నము బయలుదేరితిమి.

నరసరావుపేట మీదుగా సున్నపు బట్టీల యూరగు పిడుగురాళ్ళకు బస్సులోను, అచటినుండి రైలులోను మా ప్రయాణము. పొందుగల దాటిన పిమ్మట బండి కృష్ణ వంతెన నెక్కును. ఆవలి యొడ్డు విష్ణుపురము, తెలంగాణము. ఈ వంతెనపైననే మా యాత్ర నిజముగ నారంభమైనదని చెప్పవలెను. చిన్నవాడు కిటికీ యొద్ద గూర్చుండి, “నాన్నా, గోలకొండలో వజ్రాలు ఇప్పటికీ ఉంటాయా?” అని యడిగెను. మావారు జవాబు చెప్పకముందే వాని యక్క, “గోలకొండలో ఎప్పుడూ లేవురా. ఆ వజ్రాలు మనవి” అన్నది.

ఆ మాట నిజము. గోలకొండ వజ్రములని లోకమంతయు జెప్పుకొను రత్నములలో ఒక్కటియు గోలకొండ కొండపై బుట్టలేదు. అచట జరిగినది బేరము మాత్రమే. కోటకు జేరువనున్న కార్వాను పేటలో దేశదేశముల వర్తకులు వజ్రములు కొనెడివారు. గనులలో పెక్కులు కృష్ణాతీరమున నున్నవి. వానిలో మిక్కిలి ప్రసిద్ధి గన్న కొల్లూరు మన పల్నాటిలోనిదే, మేము దాటిన వంతెనకు దిగువగా బెల్లంకొండ ప్రాంతమున నున్నది. నేడు పులిచింతల జలాశయమున మునిగినది. 17వ శతాబ్దమున టావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు ఆ గనిని కన్నులార జూచి తన గ్రంథమున వర్ణించెను. అఱువదివేలమంది అచట పనిచేయుచుండిరనియు, పురుషులు త్రవ్వుచుండగా స్త్రీలును పిల్లలును మన్ను మోయుచుండిరనియు వ్రాసెను. అమెరికాలోని వాషింగ్టను నగరపు ప్రదర్శనశాలలో నున్న ‘హోపు’ అను నీలివజ్రము అతడు కొనిపోయిన రాతినుండి చెక్కినదే. కోహినూరును కొల్లూరుదే యని పలువురందురు గాని దానికి గట్టి యాధారము లేదు.

ఈ సంగతులన్నియు అమ్మాయి చెప్పుచుండగా అత్తగారు కన్నులు మూసికొని యుండిరి. నిద్రించుచున్నారని యనుకొంటిమి. బండి మిర్యాలగూడెము చేరుచుండగా, “మన్ను మోసినవాళ్ళకు ఏమిచ్చేవాళ్ళట?” అని మాత్రము అడిగిరి. కూలి మిక్కిలి స్వల్పమని అమ్మాయి చెప్పినది. వారు మరల కన్నులు మూసికొనిరి.

శనివారము ప్రొద్దుననే కోఠీకి బోయితిమి. దారిలో బస్సులో నొక చిన్న విశేషము. తెలంగాణపు స్త్రీలకు 2023 డిసెంబరు 9 మొదలు సాధారణపు బస్సులలో ప్రయాణము ఉచితము. మా ఆడుబిడ్డగారు కార్డు చూపి సున్న రూపాయల చీటీ పుచ్చుకొనిరి. మేము పల్నాటివారము గనుక డబ్బిచ్చి కొనవలసివచ్చినది. మాకును మన రాష్ట్రమున 2025 ఆగస్టు 15 నుండి అట్టి సౌకర్యము గలదు గాని, అది కృష్ణ దాటి రాదు గదా! “వజ్రాలు దాటొచ్చాయి గాని మన టిక్కెట్టు దాటిరాలేదు” అని అత్తగారనగా బస్సులోని వారందఱును నవ్విరి.

కోఠీలో జూడవలసినది పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ భవనము. ఎత్తయిన స్తంభములు, విశాలమైన సోపానములు, మెట్ల కిరుప్రక్కల రాతిసింహములు గలిగి ఏదో సీమలోని రాజప్రాసాదమువలె నుండును. నిజాము కొలువున ఆంగ్లేయుల ప్రతినిధిగ నుండిన జేమ్సు కిర్కుపాట్రిక్కు 19వ శతాబ్దపు తొలియేండ్లలో దీనిని గట్టించెను. 1924లో నారంభమైన స్త్రీల కళాశాల 1949లో ఈ భవనమునకు వచ్చినది. అది 2022లో మహిళా విశ్వవిద్యాలయ మయ్యెను. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరిడిరి. విసునూరు దేశముఖు నెదిరించి తన చేనిలోని పంటను దక్కించుకొన్న పాలకుర్తి స్త్రీ ఆమె. తెల్లదొర గట్టుకొన్న సౌధమునకు ఒక చాకలి యిల్లాలి పేరు! ఆ పలకను జదివి మేము కొంతసేపు అచటనే నిలిచితిమి.

కాని మా మనస్సులను బట్టుకొన్నది ఆ పలక కాదు, తోటలో నొకమూల నున్న బొమ్మమేడ. అది యీ భవనమునకే చిన్న నమూనా. కిర్కుపాట్రిక్కు ఖైరున్నిసా యను హైదరాబాదు ఉన్నతకుటుంబపు కన్యను ప్రేమించి వివాహమాడెను. ఆమె ఘోషాలో నుండునది. ఆమెకై ‘రంగమహలు’ అను అంతఃపురమును ఈ యావరణలోనే ప్రత్యేకముగ గట్టించెను. భర్త నిర్మించిన మహాభవనము ముందుభాగము నామె ఎన్నడును చూడజాలదు గనుక, చూచి సంతోషింపవలెనని దాని నమూనాను ఆమె తోటలో నిర్మింపించెనని చెప్పుదురు. రంగమహలును తరువాతి దొరలు కూలద్రోసిరి. బొమ్మమేడ మిగిలినది.

సోదరీమణులారా, ఈ ప్రేమకథ తఱచుగ జెప్పబడుచున్నది గాని, దాని చివరిభాగము నంతగా జెప్పరు. వారికి నిద్దఱు బిడ్డలు. 1805లో నాలుగేండ్ల కొడుకును, మూడేండ్ల కూతురును చదువు నిమిత్తమై తండ్రి ఇంగ్లండు కోడ నెక్కించెను. ఆ యేడే అక్టోబరులో కలకత్తాలో నాతడు మరణించెను. ఖైరున్నిసా తన బిడ్డల మొగము మరల చూడనేలేదు. 1813లో చిన్నవయస్సుననే గతించినది. కూతురు పెరిగి పెద్దదై, దాదాపు నాలుగు దశాబ్దముల తరువాత, హైదరాబాదులో నింకను బ్రతికియున్న అమ్మమ్మతో నుత్తరములు జరుపుకొన్నది. చూచుకొనుట మాత్రము వారికిని గలుగలేదు.

అమ్మాయి ఈ కథ చెప్పి ముగించునప్పటికి మా ఆడుబిడ్డగారి కన్నులు చెమర్చినవి. అత్తగారు బొమ్మమేడవైపే చూచుచు, “చూశావా అమ్మాయ్, చదువని పంపిన బిడ్డలు తిరిగి రాలేదు” అనిరి. ఆ మాట మాకే గాని బిడ్డకు గాదని తెలియుచునే యున్నది. మేమేమి చెప్పగలము? ఓడలనాటికిని ఐదాఱు గంటల రైలునాటికిని సామ్యమేమని వాదింపవచ్చును. అయినను తల్లిమనస్సు లెక్క గట్టునది క్రోసులను కాదు గదా. అమ్మాయి ముఖము చిన్నబుచ్చుకొని, ముందు నడచిపోయినది. మావారు మాట మార్చి సుల్తాను బజారునకు దారి తీసిరి.

అచట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము గలదు. సందడిగల బట్టల దుకాణముల నడుమ నుండుటచే తెలియనివారు దానిని దాటిపోవుదురు. 1901 సెప్టెంబరు 1వ తేదీన దీనిని స్థాపించిరి. రాజభాష వేఱైన ఆ నగరమున తెలుగు చదువుకొనుటకు ఒక తావు గల్పింపవలెనని కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు మున్నగువారు పూనుకొనిరి. మొదట రావిచెట్టువారి యింటనే పుస్తకములు పెట్టిరి. రంగారావుగారు గతించిన పిమ్మట వారి భార్య లక్ష్మీనరసమ్మగారు దీనికి ధనసహాయము జేసిరి. పుస్తకాలయములను గూర్చి వ్రాయువారు స్థాపకుల పేళ్ళు వరుసగ వ్రాసి, ఈమె పేరును చివర నొక వాక్యమున ముగింతురు. మాకు మాత్రము ఆ మెట్లెక్కుచున్నప్పుడు ఈమెయే జ్ఞప్తికి వచ్చినది.

లక్ష్మణరావుగారి యక్క బండారు అచ్చమాంబగారు. తమ్ముని చదువు వినుచు, ఇంటనే స్వయముగ చదువు నేర్చినది. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ యను పేర స్త్రీల చరిత్రములను సంతరించినది. చిన్నవయస్సుననే 1905లో కాలధర్మము నొందినది. మేమును బడికి బోయినవారము కాము. మా తండ్రిగారి యొద్ద ఇంటనే అమరమును, పంచకావ్యములను, పిదప భారతమును జదివితిమి. ఇంటి చదువు తక్కువదని మేమనము. కాని అచ్చమాంబ వంటి బుద్ధిశాలిని బడి మెట్లెక్కియుండినచో నింకెన్ని పుస్తకములు మనకు మిగిలియుండెడివో యను చింత మమ్ము విడువలేదు. ఈ మాట నచటనే అత్తగారితో ననలేదు. సమయము కాదని తోచినది.

మధ్యాహ్నము సాలారుజంగు ప్రదర్శనశాల. 1951లో దివాను దేవిడీయందు నెహ్రూగారు ప్రారంభించిన యీ సంగ్రహము 1968లో మూసీయొడ్డున నున్న యీ భవనమునకు మారినది. ఒక్క కుటుంబము, అందును ముఖ్యముగ మూడవ సాలారుజంగు ఒక్కడు, ఇన్ని వస్తువులు గొనెనన్న నమ్మశక్యము గాదు. ముసుగు ధరించిన రెబెకా ప్రతిమ నెల్లరును వర్ణింతురు. 1876 నాటి ఇటలీ శిల్పి బెంజోనీ పని. చలువరాతిలో జలజల పారు పలుచని బట్టను జెక్కుట యెట్లో దేవునికే యెఱుక. అత్తగారు దగ్గఱకు బోయి, “చీరె తడిసి ఒంటికి అంటుకున్నట్టే ఉంది” అనిరి. పండితు లింతకంటె చక్కగ జెప్పలేరు. గంట గంటకు చిన్ని మనుష్యుడు వెలుపలికి వచ్చి గంట కొట్టు గడియారము నెదుట చిన్నవాడు రెండు గంటలు కదలలేదు. తక్కిన గదులను పరుగున జూచితిమి. పిల్లలతో బోవువారికి ఒక దినమంతయు చాలదు.

చార్మినారునకు బోవుచు మూసీవంతెన దాటునప్పుడు, 1908 సెప్టెంబరు 28వ తేదీన ఈ నది యుప్పొంగి వేలమందిని బొట్టన బెట్టుకొన్న సంగతియు, నూటయేబదిమందికి బైగా నొక చింతచెట్టు నెక్కి ప్రాణములు దక్కించుకొన్న సంగతియు మావారు చెప్పిరి. ఆ చెట్టు ఉస్మానియా వైద్యశాల యావరణలో నున్నది. నేటి మూసీలో పారునది నీరని చెప్పుటకు నోరు రాదు.

1591లో గట్టిన చార్మినారు నిప్పు డెవ్వరికిని వర్ణింపనక్కఱలేదు. దానితోబాటు భాగమతి కథయు నెల్లరకు దెలిసినదే. ముహమ్మదు కులీ కుతుబుషా ఆమెను వలచి, ఆమె పేరున భాగ్యనగరము గట్టెనందురు. ఆమె యసలు ఉన్నదో లేదో చరిత్రకారులలో నేకాభిప్రాయము లేదు. ఉన్నదో లేదో తేలని స్త్రీ పేరు నోటనోట నాడుచుండగా, నిశ్చయముగ జీవించి రాజ్యమును నిలిపిన స్త్రీ పేరు మాత్రము మనమెఱుగము. ఆమెను గూర్చి కొంచెము ముందునకు జెప్పెదము. లాడ్ బజారున లక్కగాజులు కొంటిమి. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. కరగిన లక్కపై ఒక్కొక్క రాయిని పొదుగుట కన్నులకు మిక్కిలి శ్రమ. పాతబస్తీలో నెందఱో స్త్రీలు ఇండ్లయొద్ద గూర్చుండి యీ పనిచేయుదురు. బేరమాడునప్పుడు ఆ సంగతి దలచుకొన్నచో నోరు మెత్తపడును. మా అత్తగారికి మాత్రము పడలేదు. సగము ధరకే తెచ్చిరి!

ఆదివారము గోలకొండ. ఎండ ముదరకముందే చేరవలెనని, నీళ్ళసీసాలు మఱువరాదని చదువరులకు మా మనవి. పైకి మూడువందలకు మించిన మెట్లున్నవి. మోకాళ్ళనొప్పిగల పెద్దలను రామదాసు బందీఖానావఱకు దీసికొనిపోయి కూర్చుండబెట్టవచ్చును.

కాకతీయులనాటి మట్టికోట ఇది. బహమనీల చేతికి వచ్చి, 1518 మొదలు కుతుబుషాహీలకు రాజధాని యయ్యెను. 1579 ప్రాంతమున వినుకొండ, కొండవీడు దుర్గములు వీరికి లోబడుటచే మన సీమయు నీ కొండ పాలనలోనికి వచ్చినది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట, ద్రోహి యొకడు తలుపు దీయగా, ఔరంగజేబు దీనిని బట్టుకొనెను. సింహద్వారము క్రింద చప్పట్లు కొట్టిన శిఖరముననున్న బారాదరిలో వినబడును. చిన్నవాడును తండ్రియు పైకెక్కి, మేము క్రిందనుండి కొట్టిన చప్పట్లు విని చేయి యూపిరి.

అత్తగారు భద్రాద్రి రామదాసు కీర్తనలను నిత్యము పాడుకొందురు. పాల్వంచ పరగణా తహసీలుదారు కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి గట్టించి, తానాషా యానతిచే పండ్రెండేండ్లు చెఱనుండెనని చెప్పు ఆ చీకటిగదిలో, పైకప్పునందలి రంధ్రమునుండి యించుక వెలుతురు పడుచుండును. గోడపై రాముడు, హనుమంతుడు మున్నగు మూర్తులున్నవి. ఆయనయే చెక్కెనని వాడుక. అత్తగారు అచట చాలసేపు మౌనముగ నుండి, వెలుపలికి వచ్చి చెట్టునీడన గూర్చుండిరి. ప్రక్కన అమ్మాయి. నిన్నటినుండి నాయనమ్మయు మనుమరాలును సరిగ మాటాడుకొనలేదు.

కోటగోడల రాళ్ళను జూపుచు అత్తగారే మొదలుపెట్టిరి. “ఇంత కోట కట్టించినవాడి పేరు రాశారు. ఇరుగుపొరుగు రాజుల పేర్లు రాశారు. రాయి మోసినవాళ్ళ పేర్లు ఎక్కడైనా ఉన్నాయా?”

“లేవు నాయనమ్మా. ఆ ఫ్రెంచివాడు కొల్లూరులో ఆడవాళ్ళు మన్ను మోశారని ఒక్క ముక్క రాశాడు గనుక అదైనా తెలిసింది.”

“మా అమ్మ సాగరు కట్టకు రాళ్ళు మోసింది” అనిరి అత్తగారు.

మేమా యింటికి కోడలుగ వచ్చి పందొమ్మిదేండ్లయినది. ఈ మాట యెన్నడును వినలేదు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన జేసిన నాగార్జునసాగరపు ఆనకట్ట రాతికట్టడము. యంత్రములకంటె మనుష్యుల తలలే దానిని మోసినవని పెద్దలందురు. వేలకొలది స్త్రీలు పరంజాలపై రాయియు సున్నమును మోసిరి. అత్తగారి తల్లి మాచర్ల మీదుగ నచటికి కూలికి బోయెను. పసిబిడ్డయైన అత్తగారిని చీర ఉయ్యాలలో నుంచి, తాను తట్ట నెత్తుకొనెడిదట. ఒకనాడు జారిపడి, జీవితాంతము కుంటుచు నడచినది. ఆ నీటితో మా ఈపూరు ప్రాంతమున మిరప, వరి పండుచున్నవి. ఆ పంటసొమ్ముతోనే మావారు చదువుకొని పంతులైరి. కూలికి బోయిన సంగతి చెప్పుకొనుట చిన్నతనమని అత్తగారిన్నాళ్ళు దాచిరి.

“ఆమె పేరేంటి నాయనమ్మా?” అని అమ్మాయి యడిగినది. అత్తగారు చెప్పిరి. పిల్ల సంచిలోనుండి పుస్తకము దీసి వ్రాసికొన్నది. ఏ యేడు వెళ్ళెను, ఎంత కూలి, ఎవరితో వెళ్ళెను, ఎచట నుండిరి, ఏమి తినిరి యని యడుగుచునే యున్నది. అత్తగారు చెప్పుచునే యుండిరి. కొండపైనుండి దిగివచ్చిన చిన్నవాడు ఆకలియని యేడ్చువఱకు వారు లేవలేదు. మేము కొంచెము దూరమున నిలిచి వినుచుంటిమి. దగ్గఱకు బోయిన మాట తెగునని భయము.

కోటకు జేరువనే కుతుబుషాహీల సమాధులు గలవు. ఆగాఖాను సంస్థవారు 2013 మొదలు పదియేండ్లకు బైగా శ్రమించి వీనిని బాగుచేసి, 2024లో ఆ పని ముగించిరి. ఇబ్రహీము సమాధియెదుట మేము మనస్సులో నమస్కరించితిమి. మన కవులు మల్కిభరాముడని పిలుచుకొన్న ప్రభువీతడే. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానము’ నితనికే యంకితమిచ్చెను. ఇతని యుద్యోగి యగు పటాన్‌చెరువు అమీనుఖానునకు పొన్నెగంటి తెలగన తొలి యచ్చతెలుగు కావ్యమైన ‘యయాతి చరిత్ర’ మంకితమిచ్చెను. తెలుగు కవిని ఆదరించుటకు మతము అడ్డురాని కాలమొకటి యుండెనని పిల్లలకు జెప్పితిమి.

ఇక ముందు చెప్పెదమన్న స్త్రీ హయాత్ బక్షీ బేగము. నగరము గట్టిన ముహమ్మదు కులీకి కూతురు. అతని తరువాత నేలిన ముహమ్మదునకు భార్య. పిమ్మట పండ్రెండేండ్ల ప్రాయమున గద్దె నెక్కిన అబ్దుల్లాకు తల్లి. బాలుడైన కొడుకునకు వెనుక నిలిచి రాచకార్యములు నడపినది. 1656లో షాజహాను కొడుకు ఔరంగజేబు గోలకొండను ముట్టడించినప్పుడు, ఈమె స్వయముగ శత్రుశిబిరమునకు బోయి మాటాడి సంధి కుదిర్చినది. కోటి రూపాయల దండుగయు, మనుమరాలిని ఔరంగజేబు కొడుకున కిచ్చుటయు ఆ సంధికి వెల. రాజ్యము మఱి ముప్పదియేండ్లు నిలిచినది. నాయకురాలు నాగమ్మ మంత్రాంగము నడపిన సీమవారము గనుక స్త్రీ రాచకార్యము మాకు వింత గాదు. కాని మనుమరాలి నిచ్చి రాజ్యమును నిలుపుకొన్న ముదుసలి రాణి మనస్సు నాడెట్లుండెనో యని తలపకుండ నుండలేకపోయితిమి. ఆమె 1667లో మరణించినది. ఆమె సమాధి రాజుల సమాధులకేమియు తీసిపోదు. హయాత్‌నగర మామె పేరనే వెలసినది. జనులామెను ‘మా సాహెబా’ యని పిలిచెడివారు. ఆమె చెఱువే నేటి మాసాబ్ ట్యాంకు. బస్సులో కండక్టరు దినమునకు నూఱుమాఱులు ఆ పేరు కేకవేయును. అది యొక తల్లి పేరని మా ఆడుబిడ్డగారికి పదునైదేండ్లనుండి ఆ యూరనే యున్నను తెలియదు.

సాయంకాలము నాంపల్లి త్రోవలో సరోజినీదేవి నివసించిన ‘గోల్డెను త్రెషోల్డు’ను బయటనుండి చూచితిమి. ఆమె కూతురు పద్మజా నాయుడుగారు ఈ యింటిని కేంద్రీయ విశ్వవిద్యాలయమునకిచ్చిరి. 1974లో బుట్టిన ఆ విద్యాలయము మొదట నడచినది ఈ యింటనే. ఇపుడది గచ్చిబౌలిలో నున్నది. అమ్మాయి ఈ సంగతి చెప్పుచు, నాయనమ్మ మొగమువైపు చూడలేదు.

సికింద్రాబాదు స్టేషనులో బండి యాలస్యము. మావారు ఉస్మానియా బిస్కత్తులు, టీ తెచ్చిరి. అత్తగారు బిస్కత్తును టీలో ముంచుకొని తినుచు, మా ఆడుబిడ్డగారితో మెల్లగ మాటాడుచుండిరి. గచ్చిబౌలి మీ యింటికెంత దూరము, ఆదివారము పిల్లను మీ యింటికి రానిత్తురా, సంక్రాంతికి ఎన్నాళ్ళు సెలవు లిత్తురు, ప్రవేశ పరీక్ష యెపుడు అని ఒక్కొక్కటే యడిగిరి. ఆమెకు తెలిసినవి చెప్పెను. తెలియనివి అమ్మాయి చెప్పినది. బండి వచ్చు సూచనగ జనము లేచుచుండగా అత్తగారు కడపటి ప్రశ్న వేసిరి.

“హాస్టల్లో పచ్చడి జాడీ ఉంచుకోనిస్తారా?”

ఉంచుకోనిత్తురని అమ్మాయి చెప్పినది. “ఒకటి కాదు, రెండు. గోంగూర ఒకటి, పండుమిరప ఒకటి” అనుచు అత్తగారు సంచి నందుకొని పెట్టెవైపు నడచిరి.